రెండుంబావు దొంగ

మదనపల్లెలోని అమ్మ ఇంటికి దొంగ వస్తున్నాడని కీర్తి ఫోను రోజూ చెబుతోంది. సరిగ్గా మధ్యాహ్నం రెండుంబావుకి. ‘వేలిముద్ర సరిపోలేదు’ అంటూ వరసగా ఏడెనిమిదిసార్లు.

కీర్తి కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. ఆ ఇంటి తలుపుకి వేలిముద్రతో తెరుచుకునే స్మార్ట్ లాక్ పెట్టించింది తనే. అమ్మ రాజమ్మ ఇన్నేళ్లూ వేసిన ఇత్తడి తాళాన్ని తనే పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. నంబరు పెడితే అమ్మ గోడమీద రాసిపెడుతుందని ఆ దారి మూసేసింది. కొత్త లాక్‌తో వచ్చిన తాళంచెవిని అమ్మ పోగొడుతుందని తన బ్యాగులోనే ఉంచుకుంది. బ్యాంకులకు కూడా అంత పకడ్బందీ ఉండదు.

ఫోను చేస్తే, “నేను ఇంట్లోనే ఉండా పాపా, దొంగ యాడొస్తాడు?” అనేది రాజమ్మ.

కీర్తి అనుమానమంతా పక్కింటి కిషోర్ మీద. శుక్రవారం సెలవు పెట్టి, పుంగనూరు మీదుగా బస్సులో వచ్చి, వీధి మలుపులో కాపు కాసింది.

రెండుంబావుకి రాజమ్మ పని నుంచి వచ్చింది. వేలు కొంగుకి తుడుచుకుని తాళం మీద పెట్టింది. ఎర్రలైటు. వేలు ఊదుకుని మళ్లీ మళ్లీ, ఏడెనిమిదిసార్లు పెట్టింది. ఎర్రలైటే. ఇక మెట్టు మీద కూలబడింది.

“ఎన్నాళ్లనుంచి మా, ఇట్ల?” కీర్తి మలుపు దాటి వచ్చి అడిగింది.

రాజమ్మ ఉలిక్కిపడింది. “నువ్వెప్పుడొస్తివి? ఏం లేదు, గాలికి కూర్చోనుండా.”

“మా!”

“పని లేని వారంలో కదా నా ఏలు పెట్టించినావు. అప్పుడు బాగానే తెరిచె. పట్టుగూళ్ల నీళ్లల్లో నానితే అది గుర్తుపట్టదు. సాయంత్రానికి ఆరితే తెరుస్తాది లే. రేషన్ అంగట్లో గూడా ఇంతే.”

కీర్తి ఆ చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా వేడినీళ్లలో పట్టుగూళ్ల దారం కొసలు వెతుకుతున్న చెయ్యి. వేళ్ల కొనలు గాజులా నున్నగా ఉన్నాయి. ఆ వేళ్ల సంపాదనతోనే బీటెక్ చదివింది. వాటిని చూసింది మాత్రం ఇవాళే.

“నాకు చెప్పొచ్చు కదా?”

“యాల చెప్పాల? తప్పు నా ఏలిది. మా పాప పెట్టిన బీగం నన్ను సూసి తలుపు తీస్తాదని పనికాడ అందరికీ చెప్పుకుంటి.”

“ఇప్పుడే పోయి మామూలు బీగం తెస్తా.”

“వద్దు పాపా, నవ్వుతారు. ముందు లోపలికి పా, అన్నం తిందువు.”

కీర్తి బొటనవేలు ఆనించింది. తాకీ తాకకముందే పచ్చలైటు. నెలకోసారి ఇంటికొచ్చే వేలికి.

“సూడు!” రాజమ్మ ముఖం వెలిగిపోయింది. “నీకైతే ఎంత బాగా తెరుస్తాదో!”

కీర్తి గడప దాటలేకపోయింది. అట్లాగే వెనక్కి తిరిగి బజారు వైపు నడిచింది.