శేరు పెరిగిన మధ్యాహ్నం

నేను ఒక చార్ట్ రికార్డర్‌ను. పేరు పెద్దదే కానీ చేసే పని చిన్నది. నా ముందు ఒక కాగితపు చుట్ట నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. తీగలోంచి వచ్చే విద్యుత్తు పెరిగితే నా సిరా కలం పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఉన్నదున్నట్టు గీయడం తప్ప నాకు మరో విద్య రాదు. మనుషులతో నాకొచ్చిన తగాదాలన్నీ ఆ ఒక్క విద్య వల్లనే వచ్చాయి.

నేను పుట్టింది బెంగుళూరులో, రేకుల షెడ్డులో నడిచే ఒక కార్ఖానాలో. మొదటి ఉద్యోగం చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు వేడిని గీయడం. నేను తిన్నగా గీసినన్నాళ్లూ అక్కడ అందరూ హాయిగా టీ తాగేవారు. కాస్త గుట్టలా గీశానా, కేకలు, పరుగులు, నా నెత్తిన రెండు మొట్టికాయలు. బాయిలరును కొట్టే ధైర్యం ఎవరికీ లేదు మరి.

ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక నన్ను అనంతపురం జిల్లాలోని ఒక రేడియో టెలిస్కోప్ వాళ్లు తెచ్చుకున్నారు. రాళ్లగుట్టల మధ్య ఇనుప వలతో అల్లిన పెద్ద గిన్నె ఒకటి ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంటుంది. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే రేడియో తరంగాలను అది పడుతుంది, వాటి బలాన్ని నేను గీస్తాను. రేడియో అన్నారు కదా అని పాటల కోసం ఎదురుచూశాను. ఒక్కటీ రాలేదు. పైగా ఇక్కడ లోకం తలకిందులు. తిన్నగా గీస్తే మొహాలు వేలాడేస్తారు, గుట్ట గీస్తే గంతులేస్తారు. చీకటి పడేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ గెలాక్సీలు పలుకుతాయి. పగటి ఉద్యోగం కాబట్టి నాకు బాగా నచ్చింది.

నా బాగోగులు చూసే టెక్నీషియన్ ఓబులేసు. పళ్లచక్రాలకు నూనె వేస్తూ, "ఏమప్పా, బాగుండావా?" అని పలకరించేవాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆయనకొక ఆచారం. ఒక గెలాక్సీ నడిబొడ్డున చిన్న చుక్క ఉంది. ఎప్పుడు చూసినా ఒకే బలంతో పలుకుతుందని దానికి పేరు. గిన్నెను ముందు దానివైపు తిప్పేవారు. నా కలం ఎంతవరకు లేవాలో అద్దం మీద ఎర్రగీత ఉండేది. కలం ఆ గీతకు ఎక్కువైనా తక్కువైనా ఓబులేసు పక్కనున్న నాబు తిప్పి సరిగ్గా గీతకు తెచ్చేవాడు. ఆ తర్వాతే మిగతా గెలాక్సీల కొలత. నాబు ఎంత దించితే వాటి గీతలూ అంత దిగేవి. బియ్యానికి శేరు ఎలాగో వాళ్లకు ఆ చుక్క అలాగ. ఓబులేసు దాన్ని పిలిచేదీ శేరు అనే.

ఆ ఏడు పరిశోధన చేస్తున్న అమ్మాయి వకుళ, తాడిపత్రి పిల్ల. ఒకసారి భగ్గున మండి ఒకసారి చల్లారే రకం గెలాక్సీలను నాలుగింటిని ఎంచుకుంది. వాటి బలం ఎలా మారుతుందో ఆ వేసవిలో కొలిస్తేనే ఆమె థీసిస్ పూర్తవుతుంది. వానలు మొదలైతే గిన్నె వేరేవాళ్ల చేతికి పోతుంది.

వేసవి ముదిరేసరికి నాలుగూ తగ్గడం మొదలుపెట్టాయి. ఒకటి తగ్గితే వార్త. నాలుగూ ఒకే లెక్కన తగ్గితే అనుమానం. ఆమె గురువు గోపీనాథాచారి గారు కాగితాలు చూసి, తలెత్తి నా వైపు చూశారు. ఆ చూపు నాకు చక్కెర ఫ్యాక్టరీ నుంచీ తెలుసు.

"ఇది ముసలిదైపోయిందమ్మా. దీని గీతలు నమ్మి థీసిస్ రాస్తే నలుగురూ నవ్వుతారు. ఈ వేసవి కొలతలు వదిలెయ్. దీన్ని తుక్కుకు వేసి, వచ్చే ఏడు కొత్తదానితో మళ్లీ మొదలుపెడదాం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు నాదైపోయింది. వకుళ కళ్లలో నీళ్లు చూసి నా తుక్కు సంగతి నేనే మరిచిపోయాను.

"దానికేం రోగం లేదు సార్, నిన్ననే గదా అంతా ఇప్పి తుడిసింటి," అన్నాడు ఓబులేసు ఉడుక్కుంటూ. ఆచారి గారు వినిపించుకోలేదు.

వకుళ మాత్రం కళ్లు తుడుచుకుని, "అన్నా, ఈ మధ్య నాబు ఎటు తిప్పుతాండావు?" అని అడిగింది.

"కిందికేమ్మా. శేరు గీత దాటి పైకి పోతాంది. రోంత దించితే గీతకాడికొస్తాది. దినామూ అదే పని."

ఆమె ఎర్రగీత వైపు, నాబు వైపు మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత పకపకా నవ్వింది. "బస్తాలన్నీ ఒకే దినం తక్కువొస్తే బియ్యం తగ్గినట్టా అన్నా, శేరు పెరిగినట్టా?"

మర్నాడు మధ్యాహ్నం గురువుగారిని బతిమాలి నా ముందు కూర్చోబెట్టింది. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రపు శిథిలం ఒకటి ఆకాశంలో విశాలంగా పరుచుకుని ఉంది. గిన్నెను దానివైపు తిప్పించింది.

"అంత పెద్దది ఒక్క వేసవిలో మారడం కుదరదు సార్. ఇటు చివర కబురు అటు చివరకు చేరడానికే ఏళ్లు పడుతుంది. చిన్న చుక్కయితేనే గబుక్కున మారగలిగేది."

"మన శేరు చుక్కే కదా," అన్నారు ఆచారి గారు మెల్లగా.

నేను వచ్చిన కొత్తలో గీసిన ఆ శిథిలపు కాగితం పక్కన పెట్టుకుని, అంతే ఎత్తు వచ్చేలా వకుళ నాబు సరిచేసింది. అప్పుడు గిన్నెను శేరు వైపు తిప్పించి, "అన్నా, ఇంక నాబు ముట్టొద్దు," అంది. ఓబులేసు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

నా కలం లేచింది. ఎర్రగీతను చేరింది. ఇన్నాళ్లూ అక్కడే నన్ను కిందికి లాగేవారు. ఈసారి ఎవరూ లాగలేదు. గీత దాటి, కాగితం అంచుదాకా ఎగబాకాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. తర్వాత ఆ నాలుగు గెలాక్సీలనూ చూశాం. ఏదీ తగ్గలేదు. మండినది శేరే.

"కంచే చేను మేసింది సార్," అంది వకుళ.

"దినామూ దాంతో కొలిచామే కానీ, దాన్నెప్పుడూ చూడలేదమ్మా," అన్నారాయన. ఆ వేసవి కొలతలన్నీ సరిదిద్దుకోవచ్చని తేలింది. నాలుగు గెలాక్సీల కోసం మొదలైన థీసిస్ చివరికి ఆ ఒక్క చుక్క మంట గురించే పూర్తయింది.

ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్లే గీస్తున్నాయి. నేను ముందు గదిలో అద్దాల పెట్టెలో ఉన్నాను. రిటైరయ్యే ముందు ఓబులేసు నా కలాన్ని ఎర్రగీతకు పైన నిలిపి వెళ్లాడు. దుమ్ము తుడిచేవాళ్లు అది తప్పనుకుని, పాపం, శ్రద్ధగా గీత దగ్గరికి దించుతుంటారు. నెరిసిన జుట్టుతో, ఇప్పుడు ఈ కేంద్రానికి అధిపతి అయిన వకుళ అటు వచ్చినప్పుడల్లా పెట్టె తెరిచి కలాన్ని మళ్లీ పైకి లేపుతుంది.

"దించొద్దమ్మా. అది చెప్పింది నిజమే," అంటుంది దుమ్ము తుడిచే ఆమెతో.

మూత వేసే ముందు నన్ను నెత్తిన మెల్లగా తడుతుంది. చక్కెర ఫ్యాక్టరీ మొట్టికాయలన్నీ దాంతో చెల్లు.