మన్‌బోక్ గారి బంతి

ఆ ఉదయం జెజు దీవిలో కొండా లేదు, సముద్రమూ లేదు. గోల్ఫ్ క్లబ్బు కిటికీ అవతల అంతా పొగమంచుతో తెల్లగా ఉంది. మేం ముగ్గురం, నేనూ మా ఆయనా ఓక్‌బున్ అక్కా, నాలుగు కుర్చీల బల్ల దగ్గర కూర్చుని సముద్రపు నాచు పులుసు తాగుతున్నాం.

ఆ నాలుగో కుర్చీ మన్‌బోక్ గారిది. ఓక్‌బున్ అక్క భర్త. మొన్నటి చలికాలంలో పోయారు. మా ఊరు చోంగ్జులో మా ఇంటి కిందే ఉన్న స్క్రీన్ గదిలో ప్రతి గురువారం మా రెండు జంటలూ గోల్ఫ్ ఆడేవాళ్ళం. గోడంతా తెర, దాని మీద ఒక మైదానం బొమ్మ. తెరకేసి కొడితే బంతి ఆ బొమ్మలో ఎగిరేది, ఎంత దూరం పోయిందో యంత్రమే చెప్పేది. ఎన్ని ఊళ్ళ మైదానాలున్నా మన్‌బోక్ గారు ఈ జెజు మైదానమే పెట్టమనేవారు. "ఒక్కసారి వెళ్ళి ఆ గడ్డి మీద నడిచొద్దాం" అనేవారు. ఆయన ఉండగా కుదరలేదు.

ఆయన పోయాక కూడా గురువారాలు ఆగలేదు. అక్క యంత్రంలో ఆయన నంబరు కొట్టేది. తెర మీద ఆయన సరదాగా పెట్టుకున్న పేరు వచ్చేది. "ముసలి పీత గారూ, మీ వంతు" అని యంత్రంలోని అమ్మాయి తియ్యగా పిలిచేది. అక్క లేచి ఆయన వంతు కూడా తనే కొట్టేది. మా ఆయన డల్‌సు చప్పట్లు చరిచేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మండినందుకు సిగ్గూ వేసేది. అక్కడికే తెప్పించుకున్న నల్ల సాస్ నూడుల్స్ నోట్లో కుక్కుకుని ఊరుకునేదాన్ని.

"ఊళ్ళోకి పోదాం," అంది అక్క చెంచా కింద పెట్టి. "బస్టాండు పక్కన స్క్రీన్ గది ఉంది, నిన్న వస్తూ చూశాను. ఇదే మైదానం అక్కడా ఉంటుంది. మంచూ ఉండదు, చలీ ఉండదు."

"విమానమెక్కి వచ్చి మళ్ళీ గోడ ముందే నిలబడతామా అక్కా?"

"నీకేమే, నీ మొగుడు నీ పక్కనే కూర్చుని పులుసు జుర్రుతున్నాడు. ఇక్కడ మా ఆయన్ని ఎవరు పిలుస్తారు?"

మా ఆయన గిన్నె పక్కకి జరిపాడు.

"నేను పిలుస్తాను వదినా. అన్న వంతు ఇక్కడా మీరే కొట్టండి. మీకు బాగోలేదనిపిస్తే ఆ గదికే పోదాం."

అక్క కిటికీ వైపు చూసింది. "సరే, పదండి. ఒక్క బంతే," అంది.

బయట బూట్ల కింద గడ్డి తడితడిగా అణిగింది. ఎడమ పక్క పైన్ చెట్లు, వాటి వెనక నల్లరాళ్ళ గోడ, తెర మీద చూసి చూసి అన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఒక్కటీ కనిపించడం లేదు. ఉన్నాయని నమ్మి నిలబడ్డాను. దూరంగా జెండా దగ్గర పెట్టిన ఎర్ర దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఆ దీపానికేసి కొట్టండి మేడమ్, చాలు," అంది మా సామాను చూసే క్యాడీ అమ్మాయి.

అక్క కొట్టింది. బంతి ఆ తెల్లదనంలో కలిసిపోయింది. మేం ముగ్గురం తలలెత్తి అలాగే నిలబడ్డాం.

"ఏం చూస్తున్నారు?" అంది క్యాడీ.

"ఎంత దూరం పోయిందో చెబుతుందని..." మా ఆయన నాలిక కరుచుకున్నాడు.

క్యాడీ ఫక్కున నవ్వింది. "ఇక్కడ ఎవరూ చెప్పరు సార్. వెళ్ళి చూసుకోవాల్సిందే."

నేనూ మా ఆయనా కొట్టాం. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, యంత్రంలోని అమ్మాయిలా రాగం తీశాడు. "ముసలి పీత గారూ, మీ వంతు!" అక్క పసుపుపచ్చ బంతి పెట్టి కొట్టింది. గట్టిగా, శుభ్రంగా తగిలిన చప్పుడు.

క్యాడీ మీట నొక్కగానే సామాన్ల బండి మనిషి లేకుండానే మంచులోకి కదిలిపోయింది. దాని వెనకే నడిచాం. స్క్రీన్ గదిలో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నడక ఉండదు. లేవడం, కొట్టడం, కూర్చోవడం, అంతే. ఇన్నేళ్ళలో నేనూ అక్కా పక్కపక్కన ఇంతసేపు నడిచిందే లేదు. మేం కదులుతున్నామో, నేలే మా కింద నుంచి జరుగుతోందో తెలియలేదు. అక్క చెయ్యి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన నంబరు కొట్టినప్పుడల్లా భయమేసేదే. ఈసారి పేరు రాదేమోనని."

"నాకు కోపమొచ్చేది అక్కా."

"తెలుసులే. ఆ నూడుల్స్ ఎలా నమిలేదానివో చూడలేదా నేను?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అక్క ఏడ్చేసింది. ఆయన్ని సాగనంపిన రోజు కూడా ఏడవని మనిషి. నడుస్తూనే ఉన్నాం.

మా మూడు బంతులూ దొరికాయి. పసుపుపచ్చది లేదు.

"ఇటు పల్లంగా ఉంది, ఇటే దొర్లి ఉంటుంది," అని మా ఆయన వంగి వంగి వెతికాడు.

"హల్లా కొండ పక్కన కళ్ళు మోసం చేస్తాయి సార్. మీకు పల్లంలా కనిపించేది ఎత్తు," అంది క్యాడీ. అందరం రెండో వైపు వెతికాం. తడి గడ్డి, పైన్ సూదులు, రాళ్ళు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని పొదలు చేత్తో తప్పించి చూసింది. తెరలో బంతి పోవడమంటూ ఉండదు, గీత దాటిపోయినా యంత్రం వెంటనే ఇంకోటి పైకి పంపుతుంది. ఇక్కడ పోయింది నిజంగానే పోయింది.

"వెనక వాళ్ళు వచ్చేస్తారు మేడమ్," అని క్యాడీ జేబులోంచి కొత్త బంతి తీసింది. "ఇది వేసెయ్యనా?"

నాకు ఇప్పుడు అక్క ఊళ్ళోకి పోదామంటుంది, ఆ చీకటి గదిలోకి వెళ్ళి ఇక ఎప్పటికీ బయటికి రాదు అనిపించింది. అక్క లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకోకుండానే చెట్ల వైపు చూస్తూ నిలబడింది.

"వద్దమ్మా. ఇక్కడికి రావాలని ఆయనకి ఎంత ఆశో. వచ్చారు. ఉండనీ."

ఎవరి వంతో మా ఆయన చెప్పలేకపోయాడు. అక్కే నా వైపు తిరిగింది.

"ముగ్గురమే కదే. నీదే, కొట్టు."