నల్లగుడ్డ విప్పే తేదీ

మునిలక్ష్మమ్మ ఆఖరి పంటను చంపినవాడు నాగరాజ. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా బట్లహళ్ళిలో కొందరు యంత్రం చెడిందంటారు. యంత్రం చెడలేదు, చెప్పినట్టే చేసింది. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను.

మునిలక్ష్మమ్మ నా భార్య. ఇరవై ఏళ్ళు పట్టుపురుగులు మేపింది. ఆ సంవత్సరం డాక్టరు ఆమె గుండె బలహీనపడిందని, ఇక చాకిరీ మానెయ్యమని చెప్పాడు. ఒక్క పంట తీసి మానేస్తానంది. సరేనన్నాను.

నేను ఊరి కన్నడ ఇస్కూల్లో ఏడు వరకే చదివాను. చింతామణిలో రామకృష్ణయ్యకు పట్టుపురుగుల గుడ్ల కేంద్రం ఉండేది. అక్కడ నా పని. 1988లో ఆయన కంప్యూటర్ కొన్నాడు. యంత్రం ఒకటే, తెరలు రెండు. లోపలి గదిలో ఆయన అక్క కొడుకు నాగరాజ కూర్చునేవాడు. చిక్కబళ్ళాపురం వాడు. బెంగళూరులో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని వచ్చాడు. బయటి గదిలో రెండో తెర ముందు నేను.

పట్టుపురుగుల గుడ్లు నీలం తిరగ్గానే రైతు వాటిని నల్లగుడ్డలో చుట్టి చీకట్లో పెడతాడు. చెప్పిన రోజు తెల్లవారి విప్పితే, వెలుతురు తగిలి పురుగులన్నీ ఒక్కసారే బయటికి వస్తాయి. ముందే విప్పితే కొన్ని ఇవాళ, కొన్ని రేపు వచ్చి పంట ఎగుడుదిగుడవుతుంది. ఆలస్యమైతే చీకట్లోనే పుట్టి, ఆకు లేక చస్తాయి. ఏ రోజు విప్పాలో చీటీ అచ్చువేసి ఇవ్వడం నా పని. తేదీ లెక్క ప్రోగ్రామే కట్టేది. చలికాలం గుడ్లకు రెండు రోజులు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ నెలల్లో ప్రతి చీటీకీ, ఎన్ని రోజులు కలపాలని అది అడిగితే నేను ‘2’ కొట్టేవాణ్ణి.

నాగరాజ ప్రోగ్రాములో ఏది మార్చినా లోపలినుంచి కేకేసేవాడు. నేను నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, నాలుగు ఆజ్ఞలు కొట్టి కొత్తదాన్ని కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, మళ్ళీ నడపాలి. రోజుకు ఇరవైసార్లు.

"నాగరాజప్పా, నువ్వు ఒక కేకేసి కూర్చుంటావు. ఈడ నా వేళ్ళు అరిగిపోతాండాయి" అన్నాను.

"ఉండన్నా, దీనికొక కావలోణ్ణి పెడతా."

రెండు రోజుల్లో పెట్టాడు. పది పంక్తుల ఫైలు. పేరు కూడా ‘కావలి’ అనే. పొద్దున ఆ పేరు ఒక్కసారి కొట్టి వదిలితే చాలు. నాగరాజ రాసే ఫైలు మారిందా అని పది సెకన్లకొకసారి చూసేది. మారితే తానే కంపైల్ చేసేది. ప్రోగ్రాము భాషలో తప్పుంటే పాతదాన్నే నడవనిచ్చేది. లేకుంటే పాతదాన్ని ఆపి కొత్తది ఎక్కించేది. నా తెర రెప్పవేసినట్టు ఒకసారి ఆరి వెలిగేది. అంతే.

"మునిశామప్పన్నా, ఇంక నీకేం పని ఉండాది? మామ నిన్ను సంతలో అమ్మేస్తాడు చూడు."

"నన్నెవరు కొంటారప్పా? గుడ్లన్నా పెట్టనే."

ఆ నెల అంతా నవ్వుకున్నాం.

చింతామణిలో కరెంటు చెప్పి పోదు. సేవ్ చెయ్యని రాతంతా దానితోనే పోతుంది. అంతకు ముందు ఏడాది నాగరాజకు ఒక పూట రాత పోతే తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేనే ఒక అట్ట మీద రాసి అతని తెర పైన అంటించాను. రెండు పంక్తులకొకసారి సేవ్. బయటినుంచి గుర్తు కూడా చేసేవాణ్ణి. అతనికి అలవాటైపోయింది. ఆలోచన సగంలో ఉన్నా చెయ్యి సేవ్ మీదికి పోయేది.

ఆ అట్ట అంటించిన నాటికి కావలి లేదు. కావలి వచ్చాక అట్టను ఎవరూ తీయలేదు.

డిసెంబరులో ఒక మంగళవారం. చలికాలపు రెండు రోజులను ప్రోగ్రామే కలుపుకునేట్టు నాగరాజ మారుస్తున్నాడు. కలిపే పంక్తి రాశాడు. నన్ను ‘2’ అడిగే పంక్తి ఇంకా తీయలేదు. దీపం ఒకసారి వణికింది. సేవ్ చేశాడు. అంతలో రామకృష్ణయ్య పిలిస్తే గోడౌనుకు వెళ్ళాడు. కావలి చూసింది. భాషలో తప్పు లేదు. ఎక్కించింది. నా తెర రెప్పవేసింది. నేను ఎప్పటిలాగే ‘2’ కొట్టాను. రెండు రోజులు పోయి నాలుగయ్యాయి. అతను తిరిగి వచ్చి ఆ పంక్తి తీసేసేలోపు, నలభై నిమిషాల్లో ఏడు చీటీలు ఇచ్చాను. వేళ్ళ మీద ఒక్కసారి లెక్కపెట్టుకుని ఉంటే తెలిసేది. పెట్టుకోలేదు. ఏడోది మునిలక్ష్మమ్మది. చొక్కా జేబులో పెట్టుకుని, గుడ్లతో సహా ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం ఆమె గుడ్డ చుట్టింది. గురువారం తెల్లవారి నన్ను పిలిచింది.

"ఇదో, చుట్టేటప్పుడే గుడ్డులో పురుగు తల చుక్కలా కనిపించె. ఇంకా ఆగుతాయా అవి? ఒక్కసారి విప్పి చూడనీ."

"చీటీలో శనివారం అని ఉండాది. ముట్టొద్దు."

"చీటీ పురుగును చూసిందా?"

"నీకంటే కంప్యూటర్‌కు బాగా తెలుసే."

"నేను ఇరవై ఏండ్లు మేపితి. అది ఎన్ని మేపింది?"

నేను మూట తీసి అటక మీద, ఆమె చేతికందని చోట పెట్టాను. ఆమె అప్పటికే లేత మల్బరీ ఆకు కోసి, సన్నగా తరిగి, తడిగుడ్డ కప్పి ఉంచింది. శుక్రవారం మళ్ళీ తరిగింది. నన్ను మాత్రం మళ్ళీ అడగలేదు.

శనివారం విప్పాం. వెంట్రుక ముక్కల్లాగా నల్లగా ఎండి ఉన్నాయి. ఆమె గుడ్డ మళ్ళీ మడిచింది.

"ఆ ఆకు మేకకన్నా పెట్టు" అంది.

దిబ్బూరహళ్ళి రైతు ఆదెప్పకూ ఆ ఏడు చీటీల్లో ఒకటి అందింది. అతను చీటీ పక్కన పెట్టి, పురుగును చూసి విప్పాడు. అతని పంట నిలిచింది.

సోమవారం నాగరాజను అడిగాను. అప్పటికి అతనికి అంతా తెలిసిపోయింది.

"నేను సేవ్ చేస్తినే గాని, నడపమని యాడ చెప్తినన్నా?"

"ఆ తేడా నీ కావలోనికి చెప్తివా?"

అతను అట్ట వైపు చూశాడు. "అది నువ్వే కదన్నా అంటిస్తివి" అన్నాడు.

నిజమే. అట్ట చింపేసి ఇంటికి వచ్చాను. మళ్ళీ ఆ పనికి పోలేదు. నా వంతు తప్పు నాది. దాన్నీ క్షమించలేదు.

ఫిబ్రవరిలో మునిలక్ష్మమ్మ పోయింది. పంట పోయినందుకు కాదు, గుండె జబ్బుతో. ఆ చావును ఎవరి మీదా వెయ్యను. పంట మాత్రం నాగరాజదే.

పదకొండో దినం అయిన మరుసటి రోజు అతను బస్సు దిగి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"అన్నా, కావలిని మార్చినా. ఇప్పుడది ముందు అడుగుతాది. సరే అంటేనే ఎక్కిస్తాది."

"ఆమె కూడా నన్ను ముందు అడిగె" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నేను చెంబుతో నీళ్ళిచ్చాను. తాగి, చింతామణి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఇక ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తవద్దు. ఎత్తినా నేను నోరు విప్పను.