ఎవరూ చూడని వీపు

నెలలో మొదటి ఆదివారం ఆమె భర్తను కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, ఒళ్లంతా వెతికేది. చెవుల వెనక, మెడ మీద, వేళ్ల సందుల్లో. మీటర్ రీడింగులు తీస్తూ పొద్దస్తమానం ఎండలో తిరిగే మనిషాయె. ఎక్కడైనా పుట్టుమచ్చ పెరిగినట్టనిపిస్తే, మందుల కేంద్రం నర్సు ఇచ్చిన కాగితంలోని మనిషి బొమ్మ మీద చుక్క పెట్టేది. ఆయన మాత్రం "తొందరగా కానీవే, చలేస్తోంది" అని విసుక్కునేవాడు.

పదేళ్ల కిందట హెచ్‌ఐవీ ఆయన నుంచే ఆమెకు వచ్చింది. అత్తగారేమో "ఈ పిల్ల అడుగుపెట్టాకే మావాడు చిక్కిపోయాడు" అని వీధంతా టాంటాం వేసింది. ఆమె నోరు విప్పలేదు. భయపడి కాదు, తల వంచుకుని కూర్చున్న ఆయన్ని చూసి జాలేసి.

తన కాగితమూ తనే నింపుకునేది. వీపు బొమ్మ పక్కన ప్రతినెలా "ఏమీ లేదు" అని రాసేది.

"వీపు ఎవరు చూశారమ్మా?" అనడిగింది నర్సు, ఈసారి మాత్రల కోసం వెళ్లినప్పుడు.

"ఎవరూ చూళ్లేదు సిస్టర్. నొప్పేం లేదుగా, అందుకని రాసేశా."

"చాలాసార్లు నొప్పే ఉండదు తల్లీ. మాత్రలు వేళకి వేసుకుంటున్నా సరే, మీలాంటివాళ్లకి చర్మ కేన్సర్ ముప్పు కాస్త ఎక్కువే. పైగా నీదీ ఎండలో పనేగా."

ఎండలో పని! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పన్నెండేళ్లుగా లాడ్జీ మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది. "నీకేం, నీడపట్టున ఉద్యోగం" అంటాడాయన. అని అని, ఆమెనూ నమ్మించేశాడు.

ఆ సాయంత్రం పీట మీద తను కూర్చుంది. "ఇవాళ నా వీపు మీరు చూడండి" అని బట్ట జార్చింది. ఆయన కళ్లజోడు వెతుక్కుని వచ్చాడు. వేళ్లు భుజం మీద తడబడుతూ దిగి, ఒకచోట ఆగిపోయాయి.

"ఇక్కడొకటుందే. నల్లగా, అంచులు పాకినట్టు... ఎప్పట్నించి?"

"నాకేం తెలుసు? వీపున కళ్లున్నాయా నాకు?"

ఆయన నవ్వలేదు. "నా వల్లే కదే ఇదంతా" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మాట కోసం ఆమె పదేళ్లు ఎదురుచూసింది. తీరా విన్నాక, అలవాటు కొద్దీ ఓదార్చడానికి చెయ్యెత్తబోయి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"రేపు డాక్టరు దగ్గరికి నాతో వద్దురుగాని. ఏడుపు తర్వాత ఏడవండి. ఇప్పుడు నాకు భయంగా ఉంది, కాసేపు నన్ను పట్టుకోండి."