నాలో లేని వారం

నేను ఒక పుస్తకాన్ని. అలాగని ఏ ప్రెస్సులోనూ పుస్తకంగా పుట్టలేదు. వారపత్రికలో వచ్చిన 'మబ్బుకోట' అనే సీరియల్‌ని వారం వారం కత్తిరించి, కుట్టించి నన్ను చేశారు. అందుకే నా కడుపంతా కలగాపులగం. ఒక పేజీలో గుర్రం రెక్కలు విప్పుతుంటే దాని వెనక మాగాయ పెట్టే విధానం ఉంటుంది. రాక్షసి ఏడుస్తున్న పేజీ వెనక్కి తిప్పితే కర్కాటక రాశివారికి ధనలాభం!

నన్ను కత్తిరించింది రాజమండ్రి ట్రైనింగు కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలు, హైమవతి, ఏస్తేరు. మబ్బుకోటలో ఉండేవాళ్ళెవరూ ఒక తల్లి పిల్లలు కారు. రెక్క విరిగిన గుర్రం, ఊరు వెళ్ళగొట్టిన దొంగ, చూపులేని మంత్రగత్తె, ఇలా ఎవరికీ అక్కరలేనివాళ్ళంతా కలిసి ఒక ఇల్లయ్యారు. భోజనాల వేళ కోటలో ఒక విస్తరి ఎక్కువ వేస్తారు. వచ్చి దాని ముందు కూర్చున్నవాళ్ళు ఆ ఇంటివాళ్ళే, నువ్వెవరని అడగరు. ఈ పిల్లలకి అది ఎంత నచ్చిందంటే, మెస్సులో వాళ్ళూ ఒక కంచం ఎక్కువ పెట్టేవారు. వంటమనిషి తిట్టినా మానలేదు. "రేపు మన ఇళ్ళల్లో కూడా ఇలాగే పెడదామే" అని ఒట్టేసుకున్నారు. ఒట్లు పెట్టుకోవడం మనుషులకి మంచినీళ్ళ ప్రాయం.

హైమకి పెళ్ళి కుదిరింది. ఆ హడావిడిలో ఒక వారం పత్రికని నువ్వు కత్తిరించావనుకున్నానని ఒకరు, నువ్వే అనుకున్నానని ఇంకొకరు. ఈలోగా పాతకాగితాలవాడు పట్టుకుపోయాడు. కరాళి అనే రాక్షసి కోట గుమ్మం దగ్గర నిలబడి "నన్నూ రానిస్తారా?" అని అడగడంతో అంతకు ముందు వారం ముగుస్తుంది. పేజీ తిప్పితే కరాళి లోపల అందరికీ చారు వడ్డిస్తూ ఉంటుంది. ఆమెని ఎవరు, ఏమని పిలిచారో నాకే తెలియదు.

కథ పూర్తయ్యాక ఏస్తేరు నన్ను క్యాలికో బైండు చేయించి, హైమకి ఇవ్వాలని పిఠాపురంలో ఆమె అత్తవారింటికి వచ్చింది. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ. లోపల పప్పు పోపు ఘుమఘుమలాడుతోంది. పేరు వింటేనే ఏస్తేరు ఏ పేట పిల్లో హైమ అత్తగారికి తెలిసిపోతుంది. గుమ్మంలోకి వచ్చిన హైమ ఓసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు కాదే... ఇంకోసారి రా" అంది.

"పర్లేదే. ఇది ఇచ్చెళ్దామనే వచ్చాను" అని ఏస్తేరు నన్ను ఆమె చేతిలో పెట్టి, ఆ ఎండలోనే వెళ్ళిపోయింది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. అనాల్సిన అవసరం హైమే లేకుండా చేసింది.

నన్ను అటక ఎక్కించారు. జిగురులో మైలుతుత్తం కలిపారు కాబట్టి పురుగుల నుంచి బతికిపోయాను.

అత్తగారు కాలం చేసిన చాలా ఏళ్ళకి, ఇంటికి సున్నాలు వేయిస్తూ హైమ నన్ను దింపింది. నిచ్చెన పక్కనే కూలబడి చదివింది. కోట అలాగే ఉంది. గుర్రం, దొంగ, ఆ ఎక్కువ విస్తరి, అన్నీ ఉన్నాయి. కరాళి గుమ్మం దగ్గర నిలబడ్డ పేజీకి వచ్చేసరికి హైమ ఏడ్చింది. అది కథకి వచ్చిన ఏడుపు కాదు, సిగ్గుతో వచ్చింది.

మర్నాడే నన్ను సంచిలో పెట్టుకుని ద్రాక్షారం వెళ్ళింది. ఏస్తేరు అక్కడే టీచరుగా స్థిరపడిందని విన్నది. తలుపు తీసింది సలోమి, ఏస్తేరు పెంచుకున్న పిల్ల.

"పోయిన చలికాలంలో అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి" అంది.

హైమ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేను... అమ్మ స్నేహితురాల్నమ్మా. ఇంకోసారి వస్తాను" అంది.

సలోమి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎండలో ఎక్కడికెళ్తారండీ? అన్నం వేళకొచ్చారు, రండి. కంచం పెట్టే ఉంది. రోజూ ఒకటి ఎక్కువే పెడతామండి, అమ్మ అలవాటు చేసేశారు."

హైమ ఆ కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూనే ఉంది గానీ తినలేదు. "ఉప్పు చాల్లేదాండీ?" అని అడిగింది పాపం ఆ పిల్ల.

హైమ నన్ను అక్కడే వదిలి వెళ్ళింది. ఇప్పుడు సలోమి కూతురు నన్ను చదువుతోంది. నిన్న కరాళి దగ్గర ఆగి, "అమ్మా, ఈ రాక్షసిని లోపలికి ఎవరు పిలిచారే?" అని అడిగింది.

సలోమి కూర కలుపుతూ, "పిలవడమేంటే? అన్నం వేళకి వచ్చిందిగా" అంది.

ఇంత చిన్న మాట. ఆ రోజు పిఠాపురం గుమ్మంలో హైమకి నోట రాలేదు.