తుమ్మమొదట్లో వెలసిన అమ్మోరు

ఉదయగిరి కొండకింద ఊళ్లో, దేవకమ్మ పూరింటి వెనక ముసలి తుమ్మచెట్టు ఒకటి ఉండేది. ఆ ఏడు వానలకు అది ఇంటిమీదికి వాలింది. ఇంకో గాలివాన కొడితే ఇల్లు నేలమట్టమేనని దేవకమ్మకు కంటిమీద కునుకు లేదు. తాళ్లేసి అవతలికి లాగి కొట్టెయ్యమని వడ్రంగి తిరుపాలును పిలిపించింది.

తీరా అతను గొడ్డలి ఎత్తే వేళకు, ఆమె ఆడబిడ్డ మాలకొండమ్మ చెట్టుమొదట్లో ఒక వింత చూసింది. మెరుగుపెట్టినట్టు ఎర్రగా నిగనిగలాడుతూ, చిన్నపీటంత, మానులోంచి పొడుచుకొచ్చి ఉంది. దానిమీద పొడి. వేలితో తీసి నుదుట పెట్టుకుంది.

"వదినా! అమ్మోరు పీటేసుకోని కుంకం ఇస్తా ఉండాదే!"

కుంకం ఇటుకపొడిలా ఉందేమని ఎవరూ అడగలేదు. తిరుపాలు గొడ్డలి పడేసి చెంపలేసుకున్నాడు. కాసేపటికి ఊరంతా కొబ్బరికాయలతో దిగింది.

దేవకమ్మ వంగి ఆ పీట అడుగు చూసింది. ఉరిమిన మర్నాడల్లా పుట్టగొడుగులకోసం చేలవెంట తిరిగిన మనిషి. తినే గొడుగుకు అడుగున పరికిణీ కుచ్చుల్లా రేకులుంటాయి. దీనికి రేకులు లేవు, సూదితో పొడిచినట్టు సన్నటి బెజ్జాలు.

"ఇదీ గొడుగేనే. పుట్టమీదది కాదు, మాను పుచ్చితే పుట్టేది."

"గొడుగైతే కూరొండు, చూస్తాం!" అంది మాలకొండమ్మ.

"ఒండుతా, నాకేం భయమా?"

దేవకమ్మ రోకలి తెచ్చి ఒక్కటేస్తే పీట ఊడి కిందపడింది. జనం కెవ్వుమన్నారు. అమ్మోరు మాత్రం ఏమీ అనలేదు.

కత్తిపీటకు అది తెగలేదు. అట్లాగే పెద్దచట్టిలో వేసి, చింతపండు పిసికి, పొద్దువాలేదాకా ఉడకేసింది. చెప్పుతోలైనా మెత్తబడేది, ఇది మెత్తబడలేదు. పులుసు మాత్రం నల్లగా దిగింది. చుక్క నాలికమీద వేసుకుంటే వేపాకు నూరి పోసినట్టుంది.

"చూసినావా, నిప్పుక్కూడా లొంగలా! అమ్మోరు కాక ఇంకేంది?" అంది మాలకొండమ్మ.

దేవకమ్మ ఆమెను ఎగాదిగా చూసి, గ్లాసునిండా పులుసు పోసింది.

"నిజమేనే. అమ్మోరైతే ఇది తీర్థం గదా! ముందు కనుక్కునిందానివి నువ్వే. తాగు."

ఊరంతా చూస్తోంది. మాలకొండమ్మ కళ్లకద్దుకుని గుక్కెడు నోట్లో పోసుకుంది. మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలుబ్బి కళ్లు చెమ్మగిల్లాయి.

"మింగవే! తీర్థం ఉమ్మితే పాపం. గొడుగైతేనే ఉమ్మచ్చు."

మాలకొండమ్మ తిరుపాలును చూపించింది, గొడ్డలిని చూపించింది, చేత్తో గాలిలో టకటకా నరికింది.

"ఏందక్కా అంటా ఉండాది?" అన్నాడు తిరుపాలు.

"గొడుగేనంట. కొట్టమంటా ఉండాది."

మాలకొండమ్మ అవునన్నట్టు తల గట్టిగా ఊపి, చీర ఎత్తిపట్టుకుని దిబ్బవైపు పరిగెత్తింది. ఆమె ఉమ్మిన చప్పుడు వినపడ్డాకే తిరుపాలు గొడ్డలి చేతికి తీసుకున్నాడు.