రిక్తహస్తుడైన యమాత్యుడు

హేమంతము ముదిరి పశ్చిమసముద్రమునుండి వీచు కఱకుగాలి కొండచరియల గడ్డిపోచల నేలకు వంచుచు వానతుంపురులచే ఱాతిగోడల నల్లబఱచుచు గొఱ్ఱెలమందల నొకచో నొదిగి నిలుచునట్లు చేయుచు నైర్లండుదేశపు వాయవ్యసీమ నెల్ల ధూసరచ్ఛాయలో ముంచివైచిన యొక మధ్యాహ్నమున గ్లెనార్డా యను పల్లెకు బోవు నిఱుకుబాటపై నొక నల్లని కారు మెల్లగా నెక్కుచుండెను.

అందు గూర్చున్నవాడు ఆ దేశమున కార్థికామాత్యుడగు డొనాల్ మెక్‌గార్వి. తండ్రిలేని పేదబిడ్డడై యా పల్లెయందే పెరిగి, పరుల సాయమున జదివి, న్యాయవాదియై, శాసనసభ్యుడై, తుదకు దేశధనాగారపు తాళపుచెవులు చేపట్టినవాడు. తన నియోజకవర్గమున నెవ్వరింట జావు సంభవించినను సభ్యుడు తప్పక పోయి బంధువుల చేతులు పట్టి యొక్కమాట పలికి వచ్చుట యా దేశపు రాజకీయవ్రతము. డొనాల్ ఆ వ్రతమున కెన్నడును భంగము రానీయలేదు. “మీ కష్టమునకు జింతిల్లుచున్నాను” అను వాక్యము వాడి వాడి యాతని నాలుకపై నరిగిపోయియుండెను.

నేడా నాలుక యెండుచుండెను. మరణించినది ఊనా.

ఆతని బాల్యమున నా పల్లెబడికి వచ్చు ప్రతిబాలుడును జంకలో నొక పీటుగడ్డ తేవలయును. బురదనేలనుండి త్రవ్వి యెండబెట్టిన యా నల్లని మంటిగడ్డయే యా సీమవారి వంటచెఱకు. తెచ్చినవారు పొయ్యిచెంత గూర్చుందురు, తేనివారు తలుపుచెంత గడగడ వడకుదురు. డొనాల్ తల్లియింట బంచి యిచ్చుటకు గడ్డలు లేవు. పొరుగింటి ఊనా యది యెఱిగి యుదయముననే తన గోడమీద నొక గడ్డ నుంచెడిది. చేతికిచ్చిన బిడ్డడు సిగ్గుపడునని గోడమీద నుంచెడిది. వాడు దానిని దొంగవలె దీసికొని పరుగిడుచుండ నామె కిటికీనుండి చూచియు జూడనట్లుండెడిది.

అట్టి డొనాల్ గడచిన శరత్తున సభలో బడ్జెట్టు చదువుచు వృద్ధులకిచ్చు చలికాలపు టింధనభత్యమును దగ్గించెను. “ఈ తఱుగు మిక్కిలి యల్పము. ఎవ్వరికిని దెలియనైన దెలియదు” అనెను. స్వపక్షమువారు మెచ్చి నవ్విరి. తానును నవ్వెను.

ఇప్పు డాతనికి గావలసినది యొక్కటే: ఊనా శవపేటికకు దన భుజమిచ్చుట. ఆ గౌరవము బంధువులకును బొరుగువారికిని గాని దక్కదు, ఇంటివారు పేరుపెట్టి పిలువక దక్కదు. పిలుతురా? పిలువకున్నచో నాత డీ పల్లెకు బరాయివాడు.

కారు దిగి చూడగా బాటవెంట బోవు ప్రతివాని చంకలోను నొక పీటుగడ్డ యుండెను. ఆతని కర్థము కాలేదు. ఊనా యింటివైపు నడచెను. గుమ్మముకడ నిలిచిన ముసలికాపరి ఓవెన్, ఊనాకు నలువది యేండ్ల పొరుగువాడు, ఆతని నాపాదమస్తకము చూచెను.

“రావయ్యా మంత్రీ! నీవును గడ్డ దెచ్చితివా, లేక మఱల బడ్జెట్టు దెచ్చితివా?”

“చావింట బరిహాసమా, ఓవెన్?”

“ఊనా బ్రతికియున్న నిట్లే యడిగియుండును. ఈ యింట నిప్పు వేయుటకు గడ్డ లేదని నిన్ననే తెలిసి యూరెల్ల దలకొకటి మోసికొని వచ్చితిమి. ప్రక్కయింట నుండియు నేనెఱుగనైతిని. అడుగుట యామె కెన్నడు దెలియును? సిగ్గున నా ముఖమును నీ ముఖమువంటిదే నేడు.”

ఎల్లరును గడ్డ వేసి పొయ్యిచెంత జేరిరి. చేతులలో నేమియు లేని యమాత్యుడు తలుపుచెంత నిలిచిపోయెను. గాలి వీపున గొట్టుచుండెను.

ఊనా కూతురు గ్రాన్యా వచ్చెను. డొనాల్ చేయి సాచెను. “మీ కష్టమునకు...” అనెను.

“ఆ మాట యూరివారింటింట వింటిమి డొనాల్. మా యింట వద్దు” అని గ్రాన్యా పలికెను. “అమ్మ చలిచే జచ్చెనని నేననను. ముసలిగుండె యాగెనని వైద్యుడు చెప్పినాడు. కాని నీకొకటి యీయవలసి యున్నది.”

ఆమె బల్లక్రిందినుండి యొక పీటుగడ్డ తీసెను.

“ఇంట మిగిలిన తుదిగడ్డ యిదియే. మొన్న పొయ్యి చల్లాఱినపుడు దీనిని వేయబోతిని. అమ్మ నా చేయి పట్టుకొనెను. ‘అది డొనాల్‌ది. ఎవరి చావునకైనను వచ్చువాడు నా చావునకు రాకుండునా? కాని వట్టిచేతుల వచ్చును, నలుగురిలో బిడ్డడు సిగ్గుపడును’ అనెను. నేనెంత తిట్టినను వినలేదు.”

సభలో బ్రతిపక్షమువారి ఘోరనిందల జిఱునవ్వుతో సహించిన యా వాగ్మి రెండుచేతులును సాచెను. గడ్డ నందుకొనెను. జనులు తొలగి దారియిచ్చిరి. పొయ్యిలో వేయగా నది మొదట బొగలి, పిదప మెల్లగా నెఱ్ఱబాఱెను. “ఇచట గూర్చుండుము” అని యెవరో చోటు చూపిరి. ఆతడు మరలి వచ్చి తలుపుచెంతనే నిలిచెను.

పేటిక లేవనెత్తు వేళ గ్రాన్యా పేరులు పిలిచెను. తుదిపేరు పిలుచుటకు ముందు తలుపువైపు చూచెను.

“డొనాల్. నీ యెత్తు ఓవెన్ యెత్తునకు సరిపోవును. రమ్ము.”

ఆ దేశాచారము ననుసరించి యెదురెదురు భుజములపై జేతులు వైచికొని పేటికను మోయుచు నిరువురును వానలో నడచిరి. కొంతదూర మేగిన పిమ్మట ఓవెన్ తలత్రిప్పక యడిగెను.

“బరువుగా నున్నదా?”

“లేదు. మిక్కిలి తేలికగా నున్నది.”

“అవును. ఈ చలికాలముననే యింత తేలికయయ్యెను.”

దండనము సిగ్గు ననుభవింపజేసి తీర్చును, దయ దానిని దీఱనీయదు. వెనుక నా యింటి పొగగొట్టమునుండి పొగ దట్టముగా లేచుచుండెను. ఎల్లరును వెనుదిరిగి చూచిరి. అమాత్యుడు చూడలేదు. ఓవెన్ భుజముపై నాతని చేయి పెట్టిన చోట నల్లని పీటుమరక వానకు దడిసి మెల్లమెల్లగా వ్యాపించుచుండెను.